రాజాం చుట్టుపక్కల నుంచి సినిమా సంగీతంలోకి

ఉత్తరాంధ్ర నుంచి సినిమాకు సంగీతం కట్టడానికి వెళ్ళినవారి చరిత్ర 1930లలో మొదలవుతుంది. అప్పటికి ఆ ఉద్యోగానికి స్థిరమైన పేరు కూడా లేదు. నాటకాల్లో హార్మోనియం వాయించేవారే సినిమాలకూ వరసలు కట్టేవారు. రాజాం, బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం వైపు పుట్టిన కుర్రవాడికి దగ్గరలో స్టూడియో లేదు. 1930ల చివర విశాఖపట్నంలో ఆంధ్రా సినీటోన్ వెలిసినా ఎంతోకాలం నిలవలేదు. పని కావాలంటే మద్రాసుకో కలకత్తాకో రైలెక్కాల్సిందే. అక్కడికి వెళ్ళినంత మాత్రాన కొత్తవాడి చేతిలో సినిమా పెట్టే నిర్మాత ఉండడు. అందుకే ఈ ప్రాంతం వాళ్ళు ఎప్పుడూ పక్కదారిన వెళ్ళారు. సినిమాకంటే తక్కువ ఖర్చుతో తమ పాట నలుగురి చెవినా పడే చోటు ముందు వెతుక్కున్నారు. గ్రామఫోను రికార్డు, రేడియో, ఇంకొకరి ఆర్కెస్ట్రా, ఈనాటి షార్ట్ ఫిల్మ్ అలాంటి చోట్లే.

దగ్గరలో స్టూడియో లేకపోయినా చదువుకునే చోటు ఉంది. పూసపాటి విజయరామ గజపతి 1919లో విజయనగరంలో గానపాఠశాల పెట్టారు. అదే తరువాత మహారాజా సంగీత కళాశాల అయింది. తొలి అధ్యక్షుడు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు; ఆయన పుట్టిన అజ్జాడ బలిజిపేట దగ్గరి పల్లె, రాజాంకు మరీ దూరం కాదు. వయొలిన్ ద్వారం వెంకటస్వామినాయుడు చెప్పేవారు. సాలూరుకు చెందిన పట్రాయని సీతారామశాస్త్రి గాత్రం నేర్పారు. కచేరీలో తనకు తానే హార్మోనియం వాయించుకుంటూ పాడటం ఆయన పద్ధతి. సినిమా సంగీత దర్శకుడు నిర్మాత ఎదుట కూర్చుని చేసే పనీ సరిగ్గా అదే. కృష్ణా జిల్లా చౌటపల్లి నుంచి వచ్చిన ఘంటసాల వెంకటేశ్వరరావు మధూకరం ఎత్తుకుంటూ చదివింది సీతారామశాస్త్రి దగ్గరే. విజయనగరంలో పుట్టిన పి. సుశీల కూడా ఈ కళాశాల విద్యార్థినే. మద్రాసు ఆకాశవాణిలో విన్న గొంతు వల్లే సంగీత దర్శకుడు పెండ్యాల నాగేశ్వరరావు ఆమెను సినిమాకు పిలిచారు. శాస్త్రీయ సంగీతం కోసం పెట్టిన బడి తెలుగు సినిమాకు ఇంతమందిని ఇవ్వడం ఆ బడి పెద్దలు అనుకుని చేసిన పని కాదు. అయినా దాని ఫలితాల్లో దీన్నీ లెక్కించాలి.

ఈ దారిని మొదట తొక్కినవాడు సాలూరి రాజేశ్వరరావు. సాలూరు దగ్గరి శివరామపురంలో 1922లో పుట్టాడు. తండ్రి సన్యాసిరాజు మృదంగ విద్వాంసుడు, ద్వారం వారికి పక్కవాద్యం వాయించినవాడు. పాటలు కూడా రాసేవాడు. రాజేశ్వరరావుకు పన్నెండేళ్ళు వచ్చేసరికే బెంగుళూరులో హచిన్స్ కంపెనీ రికార్డులకు పాడించింది. ఆ రికార్డులు మద్రాసులో వినపడ్డాయి. 1935లో వేల్ పిక్చర్స్ 'శ్రీకృష్ణలీలలు'లో బాలకృష్ణుడి వేషం దొరికింది. ఆ తరువాత 'శశిరేఖా పరిణయం'లో అభిమన్యుడయ్యాడు. వేషం కోసమే కలకత్తా వెళ్ళాడు గాని, అక్కడి నుంచి తెచ్చుకున్నది సంగీతం. కె.ఎల్. సైగల్, పంకజ్ మల్లిక్ పనితీరును దగ్గర నుంచి చూశాడు. పాశ్చాత్య వాద్యాలు, హిందుస్తానీ రాగం, రవీంద్రుడి పాటల పద్ధతి కలిసి ఒక పాటగా ఎలా మారతాయో అక్కడ వంటబట్టించుకున్నాడు.

మద్రాసు తిరిగొచ్చాక చేసింది ఈ కథలో ముఖ్యమైన అడుగు. ఎవరి పిలుపు కోసమూ ఎదురుచూడకుండా సొంతంగా వాద్యబృందం కూర్చుకున్నాడు. కొంతకాలం సహాయకుడిగా చేశాడు. 1939లో 'జయప్రద'కు సంగీతం ఇచ్చాడు, 1940లో గూడవల్లి రామబ్రహ్మం 'ఇల్లాలు'కు పనిచేశాడు. అదే కాలంలో రావు బాలసరస్వతితో కలిసి పాడిన ప్రైవేటు పాటల రికార్డులు తెలుగునాట ఇంటింటా మోగాయి. తెలుగు లలిత సంగీతానికి పునాది అవే అని చెప్పడం అతిశయోక్తి కాదు. సినిమాలో సన్నివేశం, నటుడు, నిర్మాత అభిరుచి అన్నీ పాటను బిగిస్తాయి. మూడు నిమిషాల రికార్డులో ఆ కట్టుబాట్లేవీ లేవు, కాబట్టి తన గొంతు, తన వరస, తన వాద్యగోష్ఠి ఎలాంటివో రాజేశ్వరరావు అక్కడే చూపించగలిగాడు. ఆ రికార్డులే ఆయనకు పరిచయపత్రం అయ్యాయి.

ఆ తరువాత జెమినీ స్టూడియోలో జీతం మీద చేరాడు. 1948 నాటి 'చంద్రలేఖ' దాకా అక్కడి పెద్ద ఆర్కెస్ట్రా ఆయన ప్రయోగశాల. బయటికొచ్చాక 'మల్లీశ్వరి' (1951), 'విప్రనారాయణ' (1954), 'మిస్సమ్మ' (1955) వచ్చాయి. 'మాయాబజార్' (1957)కు నాలుగు వరసలు కట్టి తప్పుకుంటే, ఘంటసాల మిగతా పని పూర్తిచేశారు. రాజాం పాఠకులకు ప్రత్యేకంగా చెప్పవలసినవి మరో రెండున్నాయి. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడిననాడు బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు ఉన్నది రాజాంలోనే. ఆ గాథతో 1964లో వచ్చిన 'బొబ్బిలి యుద్ధం', 1986లో వచ్చిన 'తాండ్ర పాపారాయుడు' రెండింటికీ సంగీతం రాజేశ్వరరావే. జంగం కథకులు ఊరూరా పాడుకున్న వీరగాథకు ఆ మట్టిలో పుట్టినవాడే వెండితెర సంగీతం ఇవ్వడం అరుదైన సంగతి.

రాజేశ్వరరావు దారి అందరికీ కుదరదు. ఎక్కువమంది నడిచింది సహాయకుల దారి. ఘంటసాల క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్ళి వచ్చి, మద్రాసులో పానగల్ పార్కులో పడుకున్న రోజులు దాటి, బృందగానాల్లో గొంతు కలిపి, సహాయకుడిగా పనిచేసి 1949లో 'కీలుగుర్రం', 'మనదేశం'తో సంగీత దర్శకుడిగా నిలిచారు. ఆయన హార్మోనియం పక్కన చివరిదాకా ఉన్నది గురుపుత్రుడు పట్రాయని సంగీతరావు. శ్రీకాకుళం జిల్లా కింతలి ఈయన సొంతూరు. ఘంటసాల 1974లో పోయేవరకు సహాయకుడిగా ఉండి, వెంపటి చినసత్యం కూచిపూడి నృత్యనాటకాలకు సంగీతం సమకూర్చారు. టైటిళ్ళలో పెద్ద అక్షరాలు దక్కని ఇలాంటివారి మీదే ఆనాటి రికార్డింగ్ థియేటర్ నడిచింది. వరసను స్వరాల్లో రాసి వాద్యకారులకు పంచడం, గాయకులకు నేర్పించడం, టేకు టేకుకూ తప్పు పట్టుకోవడం వాళ్ళ పనే.

మద్రాసులో ఈ ఏర్పాటు గట్టిపడే కొద్దీ తలుపు ఇరుకైంది. వాద్యకారులకు సంఘం, సభ్యత్వం వచ్చాయి. కూలి నిలకడగా దొరికింది, కానీ బయటివాడు నేరుగా లోపలికి రావడం కష్టమైంది. రాజేశ్వరరావు కొడుకు కోటి కూడా సంగీత దర్శకుడు చక్రవర్తి దగ్గర సహాయకుడిగా చేశాకే, టి.వి. రాజు కొడుకు రాజ్‌తో జంటకట్టి 1983లో 'ప్రళయగర్జన'తో తెరకెక్కాడు. హక్కుల సంగతి ఇంకా కష్టంగా ఉండేది. సినిమా కోసం డబ్బిచ్చి చేయించుకున్న సంగీతానికి నిర్మాతే యజమాని అని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. పాట ఎన్నిసార్లు మోగినా సంగీత దర్శకుడికి దక్కేది మొదట పుచ్చుకున్న పారితోషికమే.

స్టూడియో పద్ధతికి బయట తీసిన సినిమాల్లో మరో దారి కనిపిస్తుంది. గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి' (1979)లో బండి యాదగిరి పాటను గద్దర్ పాడారు. జనం నోట ఉన్న పాట తెర మీదికి నేరుగా వచ్చింది. ఉత్తరాంధ్ర వైపు పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లి వాడు జనగాయకుడు వంగపండు ప్రసాదరావు. ఆర్. నారాయణమూర్తి 1986లో తీసిన 'అర్ధరాత్రి స్వతంత్రం'లో ఆయన పాట ఊళ్ళను ఊపేసింది. తక్కువ డబ్బుతో తీసే సినిమాకు పెద్ద ఆర్కెస్ట్రా అక్కర్లేదని, డప్పూ గొంతూ చాలని ఆ సినిమాలు రుజువు చేశాయి.

కంప్యూటర్ వచ్చాక మారింది ఖర్చు. ఒక లాప్‌టాప్, ఒక కీబోర్డు, ఒక మైకు ఉంటే రీరికార్డింగ్ ఇంట్లోనే పూర్తవుతుంది. 2010లలో యూట్యూబ్ షార్ట్ ఫిల్మ్‌లు ఒకనాటి గ్రామఫోను రికార్డుల స్థానంలోకి వచ్చాయి. సంగీత దర్శకుడు వివేక్ సాగర్, దర్శకుడు తరుణ్ భాస్కర్ షార్ట్ ఫిల్మ్‌లకు పనిచేసి, ఆ స్నేహంతోనే 2016లో 'పెళ్ళిచూపులు' చేశాడు. ఆ చిత్రానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది. 2018లో విశాఖపట్నం కంచరపాలెం వీధుల్లో, అక్కడి మనుషులతోనే వెంకటేశ్ మహా తీసిన 'కేరాఫ్ కంచరపాలెం'కు స్వీకార్ అగస్తి సంగీతం ఇచ్చాడు. తెలిసిన నటులు లేని ఆ సినిమాలో సంగీతం పాత్రల వెనకే నడుస్తుంది. మాట పలికే చోట తగ్గి, అవసరమైన చోటే పైకి వస్తుంది. 2020లో కరుణకుమార్ 'పలాస 1978'కు రఘు కుంచె శ్రీకాకుళం జానపదాన్ని మూలంగా తీసుకుని పాటలు చేశాడు. ఇక్కడి యాస, ఇక్కడి దరువు సినిమాకు బలమని ఆ చిత్రం చూపించింది.

2012లో వచ్చిన కాపీరైట్ చట్ట సవరణ 1977 నాటి పరిస్థితిని చాలావరకు మార్చింది. పాట రాసినవారికి, స్వరపరిచినవారికి సినిమా హాలు ప్రదర్శన కాక ఇతర వాడకాల నుంచి వచ్చే రాయల్టీలో సమాన వాటా ఉంటుంది. ఆ హక్కును నిర్మాతకు రాసివ్వమన్నా చెల్లదు. పారితోషికం లేకుండా స్నేహితుడి షార్ట్ ఫిల్మ్‌కు చేసే కుర్రవాడికి కూడా ఇది వర్తిస్తుంది కాబట్టి, పని మొదలుపెట్టక ముందే కాగితం మీద ఒప్పందం రాసుకోవడం పాత తరానికి లేని సౌకర్యం.

రాజాం 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉండి విజయనగరం జిల్లాలోకి మారింది. జనపనార, ధాన్యం వ్యాపారాలకు, 1997 నుంచి ఇంజినీరింగ్ కళాశాలకు పేరున్న ఊరు ఇది. సంగీతం చెప్పే కళాశాల ఇప్పటికీ విజయనగరంలోనే ఉంది. తప్పెటగుళ్ళు, జముకుల కథ లాంటి జానపద కళలు మాత్రం ఈ చుట్టుపక్కలే బతికి ఉన్నాయి. బొబ్బిలి వీణలు గొల్లపల్లిలో ఇంకా తయారవుతున్నాయి. శాంపిల్ లైబ్రరీల్లో ప్రపంచంలోని వాద్యాలన్నీ కొనుక్కోవచ్చు గాని, జముకు నాదం కావాలంటే వాయించే మనిషి దగ్గరికే మైకు తీసుకెళ్ళాలి.