జిమ్ థోర్ప్: ఆ లీగ్ మొదటి అధ్యక్షుడు మనలాంటివాడే



మా హాస్టల్లో ఉండి చదువుకున్న ఒక అమ్మాయి ఇప్పుడు రాయదుర్గంలో ఐటీ ఉద్యోగం చేస్తోంది. ఫిబ్రవరిలో ఒక సోమవారం తెల్లవారుజామున ఫోన్ చేసి, "మేడమ్, నైట్ షిఫ్ట్‌లో అందరూ సూపర్ బౌల్ చూస్తున్నారు, నాకు ఒక్క ముక్క అర్థం కావట్లేదు" అంది. భుజాలకు దిండ్లు కట్టుకుని, కోడిగుడ్డులాంటి బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తే ఆ ఆట మాకూ అంతంత మాత్రమే. కానీ ఆ లీగ్ మొదటి అధ్యక్షుడు ఒక ఆదివాసి అని చెప్పాము. "ఇక్కడ ఎవరికీ తెలీదు మేడమ్" అంది. అందుకే ఇది రాస్తున్నాము.

అతని పేరు జిమ్ థోర్ప్. అమెరికాలో ఇప్పటి ఓక్లహోమా ప్రాంతంలో, శాక్ అండ్ ఫాక్స్ తెగలో, 1880ల చివర పుట్టాడు. తెగలో పెట్టిన పేరు వా-థో-హుక్. 'వెలుగు దారి' అని అర్థం చెబుతారు. కవల సోదరుణ్ణి, తరవాత తల్లినీ తండ్రినీ చిన్నతనంలోనే పోగొట్టుకున్నాడు. 1904లో పెన్సిల్వేనియాలోని కార్లైల్ బోర్డింగ్ బడికి పంపారు.

1879లో ఒక సైనికాధికారి పాత సైనిక బ్యారక్‌లలో పెట్టిన బడి అది. ఆదివాసి పిల్లలు రాగానే జుట్టు కత్తిరించేవారు, పేర్లు మార్చేవారు. సొంత భాష మాట్లాడితే శిక్ష. ఇది చదివిన రోజు మాకు నిద్ర పట్టలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మేమూ "హాస్టల్లో కోయ మాట్లాడొద్దు, తెలుగే మాట్లాడాలి" అని పిల్లలను కసిరాము. మంచికే అనుకున్నాము.

ఆ బడి జట్టే పెద్ద కాలేజీలను ఓడించింది. 1911లో హార్వర్డ్‌పై 18-15తో గెలిచింది. 1912లో సైనిక అకాడమీని 27-6తో చిత్తు చేసింది. తరవాత అమెరికా అధ్యక్షుడైన ఐసన్‌హోవర్ ఆ రోజు ఓడిన జట్టులో ఆడాడు. అదే ఏడాది స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో థోర్ప్ పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలోనూ స్వర్ణం గెలిచాడు. 1913లో రెండూ లాక్కున్నారు. 1909, 1910లలో బేస్‌బాల్ ఆడి కొద్దిపాటి డబ్బు తీసుకోవడమే నేరం. అలా ఆడిన కాలేజీ కుర్రాళ్లు చాలామంది దొంగ పేర్లు పెట్టుకున్నారు, ఇతను సొంత పేరుతో ఆడాడు. ఫిర్యాదు 30 రోజుల్లోగా చేయాలన్న నియమాన్ని కూడా ఎవరూ పట్టించుకోలేదు.

డబ్బు తీసుకున్నాడని శిక్షించారు కదా, ఇక డబ్బుకే ఆడాడు. 1915లో కాంటన్ బుల్‌డాగ్స్ అనే జట్టు మ్యాచ్‌కు 250 డాలర్లు ఇచ్చింది. అంత ఎందుకని కొందరు గొణిగారు, కానీ అతన్ని చూడటానికి జనం విరగబడ్డారు. 1916, 1917, 1919లలో ఆ జట్టే ఒహాయో విజేత. 1920లో జట్ల యజమానులు కాంటన్‌లో ఒక కార్ల షోరూంలో కూర్చుని లీగ్ పెట్టి, పేరున్నవాడని థోర్ప్‌ను అధ్యక్షుణ్ణి చేశారు. ఏడాదికే మార్చేశారనుకోండి. 1922లో ఆ లీగే ఎన్‌ఎఫ్‌ఎల్ అయింది.

1922, 1923లలో అతను ఊరాంగ్ ఇండియన్స్ అనే జట్టు నడిపాడు. ఆటగాళ్లంతా ఆదివాసులే. యజమాని కుక్కల వ్యాపారి. సగం ఆట కాగానే ఆటగాళ్లు విశ్రాంతి తీసుకోకుండా, కుక్కల ప్రదర్శనతో పాటు తెగ నాట్యాలు చేసి చూపించాలి. మాదాపూర్‌లో వేడుకలకు మనవాళ్లను గుస్సాడీ ఆడించి, అతిథులు భోజనాలకు లేవగానే పంపేసినప్పుడల్లా మాకు ఆ సంగతి గుర్తొస్తుంది.

1928లో ఆట మానేశాడు. తరవాత కూలిపని చేశాడు, సినిమాల్లో చిన్న వేషాలు వేశాడు. 1953లో చనిపోయాడు. 1982లో ఒలింపిక్ కమిటీ అతన్ని మళ్లీ విజేతగా ఒప్పుకుంది, అదీ మరొకరితో కలిపి. ఏకైక విజేత అనడానికి 2022 దాకా పట్టింది.

ఆ 2022లోనే మన నిజామాబాద్ జిల్లా లంబాడీ ఆడబిడ్డ గుగులోత్ సౌమ్య క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్‌తో ఒప్పందం చేసుకుంది. ఆమెది గుండ్రటి బంతి ఆట.

ఇద్దరి ఫోటోలూ మా హాస్టల్ గోడకు అంటించాము. థోర్ప్ ఫోటో కింద పిల్లలు 'వెలుగు దారి' అన్న మాటను గోర్ బోలీలో, కోయలో రాశారు. కోయ మాట సరిగ్గా పలకడం వాళ్లే మాకు నేర్పుతున్నారు.