గోడ యెక్కినవారు, తలుపు తీసినవాడు



నాది శామీర్‌పేట చెంతనున్న లాల్‌గడి మలక్‌పేట. ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలకు తెలుగును, చరిత్రమును చెప్పి యిప్పుడు విశ్రాంతి గొనుచున్నవాడను. బాల్యమున గురువుగారి యొద్ద అమరమును, కావ్యములను వల్లించినవాడ నగుటచే సినిమాలయందు నాకంతగా అభిరుచి లేదు. అట్టి నేను నేడు జపాను దేశపు సినిమా నొకదానిని గూర్చి ముచ్చటింప వచ్చుట మీకు వింతగా దోచవచ్చును. దీనికి కారణము నా మనుమడు.

వేసవి సెలవులలో వాడు తన కంప్యూటరుపై నాకొక పాత చిత్రమును చూపెను. దాని పేరు 'షినోబి నో మోనో'. యమమోటో సత్సువో యను దర్శకుడు 1962లో తీసినది. నలుపు తెలుపుల చిత్రము. మాటలు జపానువి, క్రింద ఇంగ్లీషులో అర్థము వచ్చుచుండగా, నేను చదువుటకు ఆలస్యమైనచోట మనుమడు తెలుగు చేసి చెప్పెను. షినోబి యనగా దాగి సంచరించువాడు. మన పిల్లలు వారినే నింజాలని పిలుచుచున్నారు.

కథ సంగ్రహముగా చెప్పెదను. పదునారవ శతాబ్దమున నోబునాగ యను ప్రభువు జపాను నంతటిని తన చేతి క్రిందికి తెచ్చుకొనుచున్నాడు. కొండల నడుమనున్న ఇగా సీమలో షినోబీల ముఠాలు రెండు కలవు. రెండింటికి బద్ధవైరము. గోయెమోన్ అను యువకు డొక ముఠాలోనివాడు. వాని నాయకుడు వానిని తప్పులో చిక్కించి, ప్రాణభయము చూపి, మొదట దొంగతనములకు, పిదప నోబునాగను చంపుటకు పంపును. గోయెమోన్ ఇంటి కప్పులో దాగి, నిద్రించుచున్న ప్రభువు నోటి మీదికి ఒక దారమును వ్రేలాడదీసి, దాని వెంబడి విషమును బొట్టుబొట్టుగా జార్చును. ప్రభువు బాధపడును గాని చావడు. తుదకు తెలియవచ్చున దేమన, ఆ రెండు ముఠాల నాయకులును ఒక్కడే! వేషము మార్చి యిరువురిగా నటించుచు, తనవారిని తనవారితోనే పోటీకి దింపి, వారి రక్తముతో తన పని జరుపుకొనినవాడు.

చిత్రము ముగిసిన పిదప మనుమడు, "మన దిక్కు ఇట్లాంటోళ్లు లేకుండెనా తాతా?" అని యడిగెను. వాని చూపంతయు దారము మీదను, గోడలెక్కుట మీదను ఉన్నది. నా మనస్సు మాత్రము ఆ రెండు మొగముల నాయకుని విడిచి రాలేదు.

ముందుగా చరిత్ర మేమనుచున్నదో చూతము. ఇగా సీమ కొక పెద్ద ప్రభువు లేడు. అచ్చటి భూస్వాములును, రైతులును తమ్ము తామే కాచుకొనిరి. 1579లో నోబునాగ కుమారుడు దండెత్తి యోడిపోయెను. 1581లో నోబునాగ నలువది వేలకు మించిన సేనతో నలుదెసలనుండి ముట్టడించి ఆ సీమను నాశనము చేసెను. షినోబీల విద్య ఆ సేన ముందు నిలువలేదు. ఇక సినిమాలలో కనబడు నల్లని దుస్తులు యుద్ధభూమినుండి కాక నాటకశాలనుండి వచ్చినవని పండితులు చెప్పుదురు. నిజమైన వేగువాడు రైతువలెనో, సన్న్యాసివలెనో, సరకు లమ్ముకొనువానివలెనో ఉండును. నల్లబట్టలు కట్టి తిరిగినచో ఊరి కుక్కలే వానిని పట్టియిచ్చును.

మరి నోబునాగను చంపిన దెవరు? ఏ షినోబియు కాదు. 1582లో క్యోటో నగరమున ఒక దేవాలయములో బస చేసియుండగా, అతని సేనానియే యగు మిత్సుహిదే తెల్లవారుజామున చుట్టుముట్టెను. నోబునాగ అచ్చటనే ప్రాణములు విడిచెను. కప్పు మీది శత్రువును జయించినవాడు, ప్రక్కనున్న మిత్రుని చేత కూలెను.

ఈ మాట మనకు క్రొత్తది కాదు. మన గోలకొండ కథయు నిదియే. 1687 ఆరంభమున ఔరంగజేబు గోలకొండను ముట్టడించెను. లోపల తానీషా యని ప్రసిద్ధి గాంచిన అబుల్ హసన్ కుతుబ్‌షా కలడు. ఎనిమిది మాసములు ఆ కోట లొంగలేదు. మే నెలలో ఒక రాత్రి మొగలాయి సేనాని ఫిరోజ్‌జంగ్ మనుష్యులు నిచ్చెనలు వేసి, చప్పుడు కాకుండ బురుజు నెక్కసాగిరి. కొందరు పైకి చేరిరి కూడ. అంతలో శవములను వెదకుచు తిరుగుచున్న యొక ఊరకుక్క వారిని చూచి మొరిగెను. కావలివారు మేల్కాంచి నిచ్చెనలను పడద్రోసిరి. తానీషా ఆ కుక్కకు బంగారు గొలుసు వేయించి సత్కరించెనని చరిత్రకారుడు ఖాఫీఖాన్ వ్రాసియున్నాడు.

మొగలాయీలు సొరంగములు త్రవ్వి మందు కూరిరి. లోపలివారు ఎదురు సొరంగములు త్రవ్విరి. వానలు, కరవు, రోగములు బయటి సేననే ఎక్కువగా పీడించెను. అట్టి కోట సెప్టెంబరు 21వ తేది తెల్లవారకముందే పడిపోయెను. ఎట్లు? లోపలి సర్దారులలో ఒకడగు అబ్దుల్లాఖాన్ పనీ యనువాడు ధనమునకు లోబడి, రాత్రివేళ చిన్న దిడ్డి వాకిలిని తెరచెను. నిచ్చెనలతో కానిపని గడియ తీసిన చేతితో అయ్యెను.

ఆ వేకువనే మరియొకడు కనబడును. అతడు అబ్దుర్ రజాక్ లారీ. చక్రవర్తి పెద్ద పదవి నిచ్చెదనని పంపిన ఫర్మానాను అతడు అందరి యెదుట చించివేసినవాడు. శత్రువులు లోనికి వచ్చిరని వినగానే గుఱ్ఱమెక్కి ఎదుర్కొనెను. డెబ్బదికి చేరువగా గాయములు తగిలి నేలకొరగెను. ఔరంగజేబే ముగ్ధుడై వైద్యులను పంపి బ్రతికింపజేసెను. ఒకే కోటలో, ఒకే ప్రభువు ఉప్పు తిన్నవారిలో, ఒకడు తలుపు తీసెను. ఒకడు తనువునే తలుపుగా నిలిపెను.

అయినను తప్పంతయు పనీదే యనుట తేలిక. అంతకు ముందేడు, 1686లో, తానీషా మంత్రులగు మాదన్నను, అక్కన్నను అంతఃపుర కుట్రదారులు గోలకొండ వీథిలోనే చంపించిరి. మంత్రికే రక్షణ లేని కొలువున ఎవరు ఎవరిని నమ్ముదురు? దిడ్డి తలుపు 1687లో తెరువబడెను గాని, దాని గడియ 1686లోనే వదులయ్యెనని నా తలంపు.

మనుమని ప్రశ్నకు సమాధానము చెప్పవలెను గదా. మన దేశమున గూఢపురుషులు లేకపోలేదు. 1909లో శామశాస్త్రిగారు మైసూరులో ప్రకటించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున వారి తరగతులు వివరముగా నున్నవి. కపట శిష్యుడు, సన్న్యాసి వేషధారి, రైతు వేషధారి, వర్తకుని వేషధారి, తాపసి, విషమిచ్చువాడు, ఇట్లు ఎందరో. కాని ఆ శాస్త్రకారుడే యొక నియమము విధించెను: ఒక్క వేగువాని మాట నమ్మరాదు. ఒకరి నొకరు ఎరుగని ముగ్గురు తెచ్చిన వార్త యొక్కటైనపుడే నమ్మవలెను. అంతటి రాజనీతిజ్ఞునికి తన వేగులవారియందే సందేహము తప్పలేదు.

ఇచ్చట నా సంగతి యొకటి మీకు చెప్పవలసియున్నది. నేను ఉపాధ్యాయుడనైన తొలిదినములలో తరగతి అల్లరి నణచుటకు ఒక బాలుని రహస్యముగా నియమించితిని. నేను లేనపుడు ఎవరేమి చేసిరో వాడు సాయంకాలము నాకు చెప్పవలెను. మొదటి నెల అల్లరి అణగెను. నా నేర్పునకు నేనే మురిసితిని. రెండవ నెలలో పిల్లలు ఒకరితో నొకరు మాటలాడుటయే తగ్గించిరి. మధ్యాహ్నము సద్ది విప్పుకొనునపుడు ఆ బాలుడు ఒంటరిగా గోడవైపు తిరిగి కూర్చుండెడివాడు. ఒకనాడు నాకు చెప్పుటకేమియు లేకపోగా, నన్ను మెప్పించుటకై, ఏ తప్పు చేయని మరియొక బాలుని పేరు చెప్పెను. నేను ముగ్గురి నడుగలేదు, బెత్తము తీసితిని. నిజము తెలియుసరికి దెబ్బలు తిన్న బాలుడు బడి మానెను. అర్థశాస్త్రమును చదివినవాడనే, ఆ నియమము నా నోటనుండెను గాని చేతికి రాలేదు. సినిమాలో ఆ నాయకుడు వేషము విప్పిన క్షణమున నాకు కనబడినది జపాను మొగము కాదు.

మొన్న మనుమని గోలకొండకు గొనిపోయితిని. బాలాహిస్సార్ ద్వారము కడ నిలిచి చప్పట్లు కొట్టినచో కొండ శిఖరమున వినబడునని మీరెరుగుదురు. వాడు కొట్టెను, నేను పై నుండి వింటిని. దిగివచ్చి వానితో నిట్లంటిని: "చూచితివా, చప్పట్లు వినగల కోట, డబ్బుసంచి విప్పిన చప్పుడు వినలేదు." వాడు కొంతసేపు ఆలోచించి, "కుక్క వినేది తాతా" అనెను. నవ్వితిని గాని, వాని మాటలో బలము కలదు. ఆ కుక్క కెవరును లంచము చూపలేదు.

గ్రామపెద్దలగు మీ యొద్దకును రహస్యముగా వచ్చి ఒకరిమీద నొకరు చెప్పువారు తప్పక యుందురు. విన్నంత మాత్రమున దోషము లేదు. ముగ్గురి నడుగక తీర్పు చెప్పుట దోషము. చెప్పిన వానిని మెచ్చి మరల పంపుట అంతకంటె దోషము. గోడ లెత్తు చేసినంత మాత్రమున ఊరు నిలువదు; రాత్రి గడియ యొద్ద నున్నవాడు తన ప్రక్కవానిని నమ్మగలిగినపుడే నిలుచును.

గోడవైపు తిరిగి సద్ది తినిన ఆ బాలుడు ఇప్పుడు నడివయస్కుడై యుండును. ఎచ్చటనైన ఈ మాట వినుచున్నచో అతనికి చెప్పుచున్నాను: నాయనా, తప్పు నీది కాదు. నిన్నటకు పంపినవాడను నేను.

సెలవు.