మూడు పెడళ్ళ బండి

పాత కారు అనగానే మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది నిజాం గారి రోల్స్‌రాయిస్. 1911 నాటి సిల్వర్ ఘోస్ట్, పసుప్పచ్చటి బండి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం చేయించారు, ఆయన ఎక్కకుండానే పోయారు. ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది, హైదరాబాద్ వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు. అందమైన బండే. కానీ దాని సొంతదారు ఎవరూ ఏనాడూ దాని కింద పడుకుని ఒక బోల్టు విప్పి ఉండరు.

నేను రాయబోయేది దానికి పూర్తిగా తలకిందులైన బండి గురించి. రైతు కొనుక్కుని, గడ్డివాము పక్కనే విప్పుకుని, తనే బిగించుకున్న ఫోర్డు మోడల్-టి. 1924 నాటిది ఒకటి మూడేళ్ళుగా మా గరాజులో ఉంది. మేముండేది డెట్రాయిట్ శివార్లలో. ఎనభై దాటిన మా వీధి పెద్దాయన ఒకరు, ఇక హ్యాండిల్ కొట్టడానికి భుజం సహకరించక, నాకు అమ్మారు. అమ్మేటప్పుడు బేరం కన్నా ఇంటర్వ్యూ ఎక్కువ జరిగింది.

ముందు దీన్ని నడపడం ఎలాగో చెబుతాను. ఈ కాలం డ్రైవర్ని ఎవరినైనా తెచ్చి కూర్చోబెడితే అయోమయంలో పడతాడు. కింద మూడు పెడళ్ళుంటాయి గానీ యాక్సిలరేటర్ వాటిల్లో లేదు, అది స్టీరింగు కింద కుడిపక్క చిన్న మీట. ఎడమపక్క మీట స్పార్కుది. ఎడమ పెడల్ పూర్తిగా తొక్కితే మొదటి గేరు, పూర్తిగా వదిలితే రెండోది. ఉన్నవే రెండు. మధ్య పెడల్ రివర్సు, కుడిది బ్రేకు. పెట్రోలు పంపు లేదు. ముందు సీటు కింద టాంకు, అక్కడినుంచి పెట్రోలు తనంతట తనే కిందికి జారి ఇంజన్లోకి వెళ్ళాలి. అందుకే టాంకులో పెట్రోలు అడుగంటినప్పుడు ఏటవాలు మెట్ట ఎక్కాలంటే బండిని వెనక్కి తిప్పి రివర్సులో ఎక్కించేవారు. ఎంత ఉందో చూడాలంటే సీటు ఎత్తి పుల్ల ముంచడమే. సెల్ఫ్ స్టార్టర్ లేని నా బండిలో బ్యాటరీ కూడా లేదు, హెడ్‌లైట్లకి కరెంటు ఇంజన్లో ఉన్న మాగ్నెటో ఇస్తుంది. కనక చీకట్లో గతుకు కనిపించి బండి నెమ్మది చేస్తే దీపం కూడా మసకబారుతుంది!

ఇక హ్యాండిల్. స్పార్కు మీట పైకి పెట్టి, రేడియేటర్ పక్కనున్న చోకు తీగ లాగి, ఎడమచేత్తో కిందినుంచి పైకి ఒక్క ఊపు. స్పార్కు ముందుకుంటే ఇంజన్ ఎదురు తంతుంది, మణికట్టు విరుగుతుంది. అందుకే బొటనవేలు హ్యాండిల్ చుట్టూ వెయ్యకుండా, మిగతా వేళ్ళ పక్కనే ఉంచాలి. చలికాలంలో నూనె చిక్కబడి క్లచ్చి విడవదు, స్టార్టవుతూనే బండి మెల్లగా మన మీదకే వస్తుంది. 1936లో ఇ. బి. వైట్ న్యూయార్కర్ పత్రికలో మోడల్-టికి వీడ్కోలు చెబుతూ రాసిన వ్యాసంలో ఈ మీదకొచ్చే గుణాన్ని కూడా ముచ్చటగా తలుచుకున్నాడు.

కిందటేడు మా మామగారు తెనాలి నుంచి వచ్చారు. గరాజులోకి నేను తీసుకెళ్ళగానే రంగూ పెయింటూ ఏవీ చూడలేదు. నేరుగా ముందుకెళ్ళి హ్యాండిల్ పట్టుకున్నారు, బొటనవేలు బయట పెట్టి. "వేలు చుట్టకండి బాబూ, విరిగిపోద్ది," అని నాకే చెప్పారు. చిన్నప్పుడు వాళ్ళ రైసుమిల్లు లారీ క్లీనరు నేర్పాడట. మీలో పెద్దవాళ్ళకి పొద్దున్నే బస్సుకి హ్యాండిల్ కొట్టే క్లీనర్లు గుర్తుండే ఉంటారు.

మోడల్-టి మొదట తయారైంది 1908లో, డెట్రాయిట్‌లో పికెట్ వీధి ఫ్యాక్టరీలో. ఆ భవనం ఇప్పుడు మ్యూజియం, వెళితే చెక్కనేల మీద నడవొచ్చు. టూరింగ్ మోడల్ మొదటి ధర 850 డాలర్లు. 1925 నాటికి రెండు సీట్ల రనబౌట్ 260 డాలర్లకి దిగింది. 1927లో ఆపేసేనాటికి కోటిన్నర పైచిలుకు బండ్లు తయారయ్యాయి. ధర అంతలా ఎలా దిగిందన్నది అందరికీ తెలిసిన కథే. 1913లో హైలాండ్ పార్కు ఫ్యాక్టరీలో చట్రానికి తాడు కట్టి లాగుతూ, మనుషుల్ని దారి పొడుగునా నిలబెట్టారు. అంతకుముందు ఒక చట్రం బిగించడానికి పన్నెండున్నర గంటలు పట్టేది, 1914కల్లా 93 నిమిషాలయింది.

ఆ కథలో తక్కువగా చెప్పుకునేది ఇంకొకటుంది. ఆ వరసలో నిలబడ్డవాడి పని ఏమిటి? ఒకడు బోల్టు దూరుస్తాడు. పక్కవాడు దానికి నట్టు పెడతాడు. ఆ పక్కవాడు బిగిస్తాడు. రోజంతా అదే. జనం ఉండలేక పారిపోయారు. 1913లో సుమారు 14 వేలమందిని నిలబెట్టుకోవడానికి ఫోర్డు 52 వేలమందిని పనిలోకి తీసుకోవాల్సి వచ్చింది. 1914 జనవరిలో ప్రకటించిన రోజుకి ఐదు డాలర్ల కూలి దాతృత్వం కాదు, పారిపోయేవాళ్ళకి వేసిన ముకుతాడు. అదైనా ఊరికే ఇవ్వలేదు. కంపెనీ మనుషులు కార్మికుల ఇళ్ళకి వెళ్ళి తాగుతున్నారా, పొదుపు చేస్తున్నారా అని చూసి మరీ ఇచ్చారు.

అక్కడ ఒక్క నట్టు తప్ప ఏమీ తెలియక్కర్లేని మనుషులు చేసిన బండి, పల్లెటూరికి చేరేసరికి దాని యజమానికి ప్రతి నట్టూ తెలిసి తీరాల్సిన బండి అయింది! మెకానిక్కు దగ్గర్లో లేడు. బండితోపాటు ఫోర్డు ఇచ్చిన పుస్తకం ప్రశ్నలూ జవాబులుగా, బడిపిల్లల వాచకంలాగా ఉండేది. అది చదివిన రైతులు పుస్తకంలో లేనివి కూడా కనిపెట్టుకున్నారు. రేడియేటర్ కారితే గుడ్డుసొన పోసేవారు. చెక్క చక్రాల ఆకులు ఎండి వదులైతే బండిని వాగులోకి దించి నానబెట్టేవారు. మన ఎడ్లబండి చక్రాలకి చేసిన వైద్యమే. వెనక చక్రం జాకీ మీద లేపి, దానికి బెల్టు వేసి కట్టెలు కోశారు, నీళ్ళు తోడారు. ఫోర్డుకి తన బండిని మార్చడం ఇష్టం లేదు, ఏళ్ళ తరబడి రంగు కూడా నలుపొక్కటే. కొన్నవాళ్ళు మాత్రం సియర్స్ కేటలాగులో సామాను తెప్పించుకుని తమకిష్టమొచ్చినట్టు మార్చుకున్నారు. పనితనం ఫ్యాక్టరీలోంచి పోయి పశువుల కొట్టంలో తేలింది అనిపిస్తుంది నాకు.

ఈ మాట నాకు తగులుతుంది కూడా. పగలు నేను ఆఫీసులో చేసేది కార్ల సాఫ్ట్‌వేర్. అందులోనూ డ్రైవరు వైపు కిటికీ అద్దం ఎక్కడం దిగడం వరకే. పిల్లాడి చెయ్యి అడ్డొస్తే అద్దం ఆగాలి, అది నా నట్టు. నేను రోజూ నడిపే కొత్త కారులో మిగతా భాగాలేం చేస్తున్నాయో నాకు తెలియదు. విప్పి చూద్దామన్నా అది నాకు లొంగదు. మసాచుసెట్స్ ప్రజలు 2012లోనూ 2020లోనూ ఓట్లేసి మరీ, కారులోని సమాచారం సొంతదారుకీ బయటి మెకానిక్కుకీ అందాలని చట్టం తెచ్చుకోవాల్సి వచ్చింది.

సాయంత్రం గరాజులో మాత్రం సంగతి వేరు. మొన్న శీతాకాలమంతా గేరు పెట్టెలో బ్యాండ్ల పని చేశాను. మూడు పెడళ్ళూ మూడు డ్రమ్ముల చుట్టూ ఉన్న మూడు పట్టీలని బిగిస్తాయి. మొదట్లో ఆ పట్టీలకి నూలుగుడ్డ లైనింగు ఉండేది, ఇప్పుడు కెవ్లార్ దొరుకుతోంది. మూత తీయగానే ముందు చెయ్యాల్సింది లోపల గుడ్డలు కుక్కడం. నట్టొకటి జారి కింద పడిందంటే ఇంజన్ దించాల్సిందే. పెద్దాయన కుర్చీ వేసుకుని కూర్చుని, ఒక్కో నట్టుకీ దారం కట్టించారు. మా అమ్మాయి దారాలు పట్టుకుంది. ఒక పట్టీ ఎంత బిగించాలో ఏ పుస్తకంలోనూ అంకె లేదు. పెడల్ మీద కాలు పెట్టి చూసి "ఇంకొంచెం" అంటారాయన. ఆ "ఇంకొంచెం" నా కాలికి అర్థమవడానికి నాలుగు వారాలు పట్టింది.

సామానుకి కొరతేం లేదు. ఫోర్డు ఈ ఇంజన్లని 1941 దాకా తయారుచేస్తూనే ఉంది. టైర్లు, కాయిల్ పెట్టెలు, గాస్కెట్లు ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి. కొరత మనుషులది. సెప్టెంబరులో డియర్‌బోర్న్ గ్రీన్‌ఫీల్డ్ విలేజ్‌లో ఓల్డ్ కార్ ఫెస్టివల్ జరుగుతుంది, 1951 నుంచీ ఉన్నదే. అక్కడ బండ్ల పక్కన కూర్చున్నవాళ్ళలో నెరిసిన తలలే ఎక్కువ.

ఇంకో సంగతి. బ్రిటిష్ సామ్రాజ్యంలోని చాలా దేశాలకి ఫోర్డు బండ్లు పంపే హక్కు డెట్రాయిట్‌ది కాదు, నది అవతల కెనడా ఒడ్డునున్న ఫోర్డు కెనడా కంపెనీది. అంటే ఆ రోజుల్లో మన కోస్తా జిల్లాల్లో ఏ జమీందారో ఏ డాక్టరో ఫోర్డు కొన్నారంటే, అది మా ఇంటికి ముప్పావుగంట దూరంలో ఓడ ప్రయాణం మొదలుపెట్టి ఉంటుంది. ఈ మాట చెబితే మామగారు కాసేపు ఆలోచించి, తెనాలిలో అలాంటి బండి ఎవరి పెరట్లోనైనా పడుందేమో కనుక్కుంటానన్నారు. కనుక్కుంటున్నారు. ఫోన్ చేసినప్పుడల్లా ఇప్పుడు మొదటి కబురు అదే.