పండితులను ఆడించిన పై దవడ పన్ను

పై దవడలో రెండు వైపులా చివర మూడేసి పెద్ద పళ్ళుంటాయి. మన పాఠ్యపుస్తకాల్లో వీటి పేరు చర్వణకాలు. మొదటిది ఆరేళ్ళ వయసులో, రెండోది పన్నెండేళ్ళప్పుడు వస్తుంది. మూడోదైన జ్ఞానదంతం పదిహేడు దాటాక ఎప్పుడో వస్తుంది, కొందరికి రానే రాదు. మొదటి పన్ను నమిలే ముఖం ఏటవాలు చతురస్రంలా ఉంటుంది. దాని మీద నాలుగు బొడిపెలు, రెండింటిని కలుపుతూ ఏటవాలుగా ఒక గట్టు. చిగురు లోపల మూడు వేర్లు: బుగ్గ వైపు రెండు, అంగిలి వైపు ఒకటి. తిరగలిలో పై రాయి తిరుగుతుంది. నోట్లో మాత్రం పై వరస కదలదు, కింది దవడే వచ్చి దాని మీద రుద్దుకుంటుంది. చెప్పుకుంటే ఇంతే. ఇంతమాత్రం సరిగ్గా తెలియడానికి నాలుగు వందల ఏళ్ళు పట్టింది.

పూర్వులు పళ్ళను లెక్కపెట్టారు గాని వాటి ఆకారం జోలికి పెద్దగా పోలేదు. సుశ్రుతుడు పళ్ళను ఎముకల్లోనే చేర్చి, రుచకాస్థులని వేరే తరగతి పెట్టాడు. గ్రీకు వైద్యుడు గాలెన్ కూడా వాటిని ఎముకలనే అన్నాడు. పళ్ళ కోసమే ప్రత్యేకంగా శరీరశాస్త్ర గ్రంథం రాసినవాడు ఇటలీకి చెందిన యూస్టేకీ. అది 1563లో వెలువడింది. 1651లో ఇంగ్లండు వైద్యుడు హైమోర్ పై దవడ ఎముకలోని గాలి గదిని (సైనస్‌ను) వర్ణించాడు. ఆయన దగ్గరికి వచ్చిన ఒకావిడ పై పన్ను పీకించుకుంది. ఆ రంధ్రంలోకి ఈక పెట్టి చూస్తే అది లోపలికి పోతూనే ఉంది. మెదడుదాకా దారి పడిందేమోనని ఆమె హడలిపోయింది. చర్వణకాల వేర్ల కొసలకు, ఆ గదికి మధ్య చాలామందిలో పలచని ఎముక పొర మాత్రమే అడ్డు. సైనస్ పట్టేసినప్పుడు పన్ను నొప్పి అనిపించేది అందుకే. 1771లో జాన్ హంటర్ పళ్ళ ప్రకృతి చరిత్ర రాసేనాటికి పై వాటికి మూడు వేర్లుంటాయన్న సంగతి స్థిరపడింది.

బొడిపెల దగ్గరే తికమక మొదలైంది. వియన్నా దంతవైద్యుడు కారబెల్లి మొదటి చర్వణకానికి అంగిలి వైపు పక్కగా మొలిచిన ఒక అదనపు బొడిపెను గమనించి, 1842లో దాన్ని అసాధారణమైనదిగా నమోదు చేశాడు. అసాధారణమేమీ కాదు, ఐరోపా సంతతి వారిలో అది చాలా మామూలు. కొందరిలో చిన్న గుంటగా, కొందరిలో పూర్తి బొడిపెగా కనిపిస్తుంది. 1991లో అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిన కొలమానంలో దీనికి సున్నా నుంచి ఏడుదాకా ఎనిమిది మెట్లున్నాయి.

అమెరికాలో శిలాజ పరిశోధకుడు కోప్ 1883లో ఒక సిద్ధాంతం తెచ్చాడు. క్షీరదాల పై చర్వణకాలన్నీ మూడు బొడిపెల పన్ను నుంచే వచ్చాయనీ, నాలుగోది తర్వాత చేరిందనీ దాని సారం. ఈ మాట నిలిచింది. 1888లో హెన్రీ ఫెయిర్‌ఫీల్డ్ ఆస్బార్న్ ఆ బొడిపెలకు పేర్లు పెట్టాడు. సరీసృపాల ఒంటిమొన పన్ను నుంచి నేరుగా వచ్చింది అంగిలి వైపు బొడిపేనని నమ్మి, దానికి ప్రోటోకోన్, అంటే తొలి శంకువు అని పేరిచ్చాడు. పిండంలో ముందుగా ఏర్పడేది బుగ్గ వైపు బొడిపె పారాకోన్ అని 1890లలోనే కొందరు చూపించారు. 1956లో ప్యాటర్సన్ టెక్సాస్ శిలాజాలతో ఆ సంగతి ఖాయం చేశాడు. అయినా పేరు మారలేదు. పళ్ళ శిలాజాలు చదివేవారు నేటికీ తర్వాత వచ్చినదాన్ని తొలిదిగానే పిలుస్తున్నారు.

బొడిపెలను అంత నమ్మిన ఆస్బార్న్ వాటి చేతే దెబ్బ తినడం నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా రుచికరమైన ఘట్టం. 1922లో నెబ్రాస్కా నుంచి వచ్చిన ఒక అరిగిన పన్నును చూసి, అది మనిషిని పోలిన వానరుడి పై చర్వణకమని ప్రకటించి, హెస్పెరోపిథెకస్ అని నామకరణం చేశాడు. లండన్ పత్రిక ఒకటి ఆ ‘మనిషి’ కుటుంబం బొమ్మ కూడా వేసింది. మరింత తవ్వకం జరిగాక, అది పెకారీ అనే పందిని పోలిన జంతువుదని 1927లో ఆస్బార్న్ సహచరుడు గ్రెగరీయే ఒప్పుకున్నాడు.

మన గడ్డ మీదా ఇలాంటిదే జరిగింది. 1932లో నేటి హిమాచల్ ప్రదేశ్‌లోని హరితల్యాంగర్ దగ్గర యేల్ విద్యార్థి లూయిస్‌కు పై దవడ ముక్క ఒకటి దొరికింది. అందులో రెండు చర్వణకాలున్నాయి. దానికి రామాపిథెకస్ అని పేరు పెట్టారు. 1960లలో సైమన్స్ దాన్ని మానవ వంశానికి మొదటి మెట్టుగా నిలబెట్టాడు. పాకిస్తాన్‌లోని పొత్వార్‌లో దొరికిన అలాంటి జీవి ముఖభాగాన్ని 1982లో పిల్బీమ్ వివరించేసరికి, రామాపిథెకస్ ఒరాంగుటాన్ చుట్టమని తేలింది. సైబీరియాలోని డెనిసోవా గుహలో 2000లో దొరికిన పెద్ద పై చర్వణకం విషయంలో ఈ పొరపాటు జరగలేదు. 2010లో దాని డీఎన్‌ఏ చదివి అది డెనిసోవన్లనే ప్రాచీన మానవులదని తేల్చారు. ఒంటి పన్ను ఆకారం మీద వంశవృక్షం కట్టడం జూదమే.

ఆకారం నిక్కచ్చిగా చెప్పేది ఒకటుంది. చివర చేరిన నాలుగో బొడిపే ముందు తరిగిపోతోంది. మొదటి పన్నులో అది నిండుగా ఉంటుంది, రెండోదానిలో తరచు చిన్నదవుతుంది, జ్ఞానదంతంలో చాలామందికి లేనే లేదు.

వేర్ల లోపలి దారులు చివరకు బయటపడ్డాయి. స్విట్జర్లాండ్‌లో వాల్టర్ హెస్ పళ్ళలోకి రబ్బరు నింపి, పన్నును ఆమ్లంలో కరిగించి, మిగిలిన అచ్చును చూశాడు. మూడు వేర్లున్నంత మాత్రాన మూడే నాళాలుండవని 1925 నాటి ఆయన పుస్తకం చెప్పింది. వైద్యులు పెద్దగా పట్టించుకోలేదు. 1969లో వైన్ 208 మొదటి చర్వణకాలను కోసి చూస్తే, సగానికి పైగా పళ్ళలో బుగ్గ వైపు ముందున్న వేరులో రెండో నాళం కనిపించింది. 1990లో కులిల్డ్, పీటర్స్ మైక్రోస్కోపు కింద వెతికితే ఆ లెక్క 95 శాతానికి చేరింది. ఈ సన్నని నాళాన్ని శుభ్రం చేయకుండా వదిలేస్తే ఇన్ఫెక్షన్ అక్కడే దాక్కుంటుంది. పై దవడ మొదటి చర్వణకానికి రూట్ కెనాల్ చేయించుకున్నాక కొన్ని నెలలకు మళ్ళీ సలుపు మొదలైతే, పన్ను పీకించుకునే ముందు ఆ నాలుగో నాళం సంగతి డాక్టరును అడగండి.