బంతి రంగు మారింది, కెమెరా చోటు మారలేదు

టీవీలో టెన్నిస్ చూసేవాళ్లకు కొన్ని చిరాకులు బాగా పరిచయం. ప్రకటన అయిపోయి తెర మళ్లీ కోర్టు మీదికి వచ్చేసరికి మొదటి పాయింటు సగం నడిచిపోయి ఉంటుంది. పాత షాట్ రీప్లే ఇంకా సాగుతుండగానే వెనక ఎక్కడో కొత్త సర్వ్ చప్పుడు వినిపిస్తుంది. బంతి ఆటలో ఉండగా కామెంటేటర్లిద్దరూ నిన్నటి మ్యాచ్ గురించి మాట్లాడుకుంటారు. ఎవరో ఒక ప్రొడ్యూసర్ ఏమరుపాటు వల్ల ఇలా జరుగుతోందని సరిపెట్టుకుంటాం. కానీ వీటి పుట్టుపూర్వోత్తరాలు తవ్వితే ఏమరుపాటు కన్నా పాత అలవాటు ఒకటి బయటపడుతుంది. టెన్నిస్, టెలివిజన్ కలిసి నడవడం మొదలై తొమ్మిది దశాబ్దాలు కావస్తోంది. ఈ కాపురంలో ఎప్పుడు సర్దుబాటు అవసరమైనా ఆటే సర్దుకుంటూ వచ్చింది. అలా సర్దుకున్న ఆటను టెలివిజన్ సరిగ్గా చూపించడం మాత్రం ఇంకా నేర్చుకోలేదు.

బీబీసీ టెలివిజన్ ప్రసారాలు 1936 నవంబరులో మొదలయ్యాయి. ఎనిమిది నెలలు తిరక్కుండానే, 1937 జూన్ 21న, వింబుల్డన్ నుంచి తొలి ప్రత్యక్ష ప్రసారం వెళ్లింది. బన్నీ ఆస్టిన్, ఐర్లండ్‌కు చెందిన జార్జ్ రోజర్స్ తలపడిన తొలి రౌండ్ మ్యాచ్ అది. లండన్ చుట్టుపక్కల టీవీ సెట్లున్న కొద్దిమందే దాన్ని చూశారు. అప్పటికి టెలివిజన్ ఆ ఇంటికి అతిథి. ముప్పై ఏళ్లు గడిచేసరికి ఆ అతిథే పెత్తనం అందుకుంది. 1967 జూలై 1న బీబీసీ 2 రంగుల ప్రసారాలను ప్రారంభించినప్పుడు అందుకు ఎంచుకున్నది వింబుల్డన్‌నే. ఆగస్టులో అదే సెంటర్ కోర్టు మీద, అంతవరకూ అక్కడికి రానివ్వని ప్రొఫెషనల్ ఆటగాళ్లతో ఒక టోర్నమెంటు జరిగితే దాన్నీ బీబీసీ చూపింది. రాడ్ లేవర్ గెలిచాడు. మరుసటి ఏడాదే అమెచ్యూర్లు, ప్రొఫెషనల్స్ కలిసి ఆడే ఓపెన్ యుగం మొదలైంది. ఆ తలుపు తెరుచుకోవడంలో టెలివిజన్ చెయ్యి ఉంది. అది చేసిన ఈ మేలును ఒప్పుకునే మిగతా మాట మాట్లాడాలి.

రంగులు వచ్చాక ఒక చిక్కు తేలింది. తెల్లబంతి తెర మీద సరిగా ఆనడం లేదు. పసుపు రంగు బంతి అయితే టీవీ ప్రేక్షకులకు బాగా కనిపిస్తుందని పరిశోధనలో తేలడంతో అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 1972లో దాన్ని నిబంధనల్లోకి తెచ్చింది. సంప్రదాయాన్ని పట్టుకు వేలాడే వింబుల్డన్ కూడా 1986లో తెల్లబంతిని వదిలేసింది. 2005లో యూఎస్ ఓపెన్ కోర్టులకు నీలం రంగు వేశారు, పసుపు బంతి మరింత స్పష్టంగా కనిపించడానికే. ఈ వరుసలో ఒకసారి హద్దు కూడా దాటారు. 2012లో మాడ్రిడ్ టోర్నమెంటు నిర్వాహకులు టీవీలో బంతి బాగా కనిపిస్తుందంటూ ఎర్రమట్టి తీసేసి నీలం మట్టి పరిచారు. కాళ్లు జారిపోతున్నాయని నాదల్, జొకోవిచ్ బహిరంగంగానే మండిపడ్డారు. మరుసటి ఏడాదికి ఆ మట్టిని నిషేధించారు. ఆటగాడి కాలి కింద నేల కన్నా తెర మీది రంగే ముఖ్యమని ఒక్క ఏడాదైనా అనుకోగలిగారంటే, ఈ సర్దుబాటు ఎటు వంగి ఉందో తెలుస్తుంది.

రంగు తర్వాత వంతు కాలానిది. 1969 వింబుల్డన్‌లో పాంచో గొంజాలెజ్, చార్లీ పసరెల్ మధ్య మ్యాచ్ 112 గేములు సాగింది. మొదటి సెట్టే 24-22. రెండు రోజులు పట్టింది. ఇలాంటి సెట్లకు ముగింపు ఉండాలని అమెరికాకు చెందిన జిమ్మీ వాన్ ఆలెన్ అప్పటికే చాలాకాలంగా పోరుతున్నాడు. ఆయన సూచించిన టై బ్రేక్ ఆలోచనను 1970లో యూఎస్ ఓపెన్, 1971లో వింబుల్డన్ అందిపుచ్చుకున్నాయి. టీవీ వేళల పట్టికకు అది అచ్చంగా అతికింది. దీన్ని తప్పు పట్టలేం. 1980 వింబుల్డన్ ఫైనల్‌లో బోర్గ్, మెకన్రోల మధ్య 18-16 దాకా సాగిన టై బ్రేక్‌ను తలుచుకుంటే చాలు, ఆ మార్పు ఆటకు ఎంత నాటకీయత తెచ్చిపెట్టిందో అర్థమవుతుంది. అభ్యంతరమల్లా, పొడవైన ఆటను ప్రేక్షకుడు భరించలేడన్న నమ్మకం దాని వెంటే వచ్చి తిష్ఠ వేసుకోవడం మీద. 1972 మేలో డాలస్‌లో కెన్ రోజ్‌వాల్, లేవర్‌ల ఫైనల్ అయిదు సెట్లు, మూడున్నర గంటలు సాగింది. ఎన్‌బీసీలో దాన్ని రెండు కోట్ల మందికి పైగా చూశారు. అమెరికాలో టెన్నిస్‌కు ఆదరణ పెంచిన మ్యాచ్‌గా ఇప్పటికీ దాని పేరే చెబుతారు. ప్రేక్షకుడి ఓపికకు ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఇక అన్నిటికన్నా పెద్ద లోపం, మనం అసలు లోపమని గుర్తించనంతగా అలవాటైపోయింది. అది కెమెరా చోటు. ఒక బేస్‌లైన్ వెనక, గ్యాలరీలో ఎత్తున పెట్టిన కెమెరా నుంచే మనం దాదాపు ప్రతి పాయింటూ చూస్తాం. కోర్టు పొడవు 78 అడుగులు. దూరం నుంచి జూమ్ చేసిన లెన్సు ఆ పొడవును నొక్కిపెట్టేస్తుంది. దగ్గరి ఆటగాడూ, అవతలి ఆటగాడూ ఇంచుమించు ఒకే సైజులో కనిపిస్తారు. బంతి 78 అడుగులు దూసుకుపోయినట్టు కాక అరచేతి మీద జరిగినట్టు ఉంటుంది. దీన్ని మించిన చిక్కు మరొకటుంది. పై నుంచి కిందికి చూసే కెమెరాకు బంతి గాల్లోకి లేచినా, అవతలి వైపుకు దూరంగా వెళ్లినా తెర మీద తేడా ఉండదు. రెండుసార్లూ ఆ పసుపు చుక్క పైకే జరుగుతుంది. నెట్ మధ్యలో ఎత్తు మూడడుగులు. దాని మీదుగా బంతి జానెడు ఎత్తున వెళ్లిందా, నిలువెత్తున వెళ్లిందా తేల్చుకోలేం. అంటే ఈ కెమెరా ఆట వెడల్పును చూపించి ఎత్తును మింగేస్తోంది. ఆధునిక టెన్నిస్ బతికేదే ఆ ఎత్తు మీద. నాదల్ ఫోర్‌హ్యాండ్ బంతి నిమిషానికి సగటున 3200 సార్లు తిరిగేదని లెక్కగట్టారు. నెట్‌కు చాలా పైనుంచి వచ్చి, కోర్టులో చటుక్కున దిగి, ప్రత్యర్థి భుజం ఎత్తుకు ఎగిరే బంతి అది. ఫెదరర్ ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్‌ను ఆ భుజం ఎత్తులో పదేపదే ఆడించడమే ఎర్రమట్టి మీద నాదల్ ఎత్తుగడ. తెర మీద చూసినవాడికి ఫెదరర్ ఎందుకో బంతులు నెట్‌కు కొడుతున్నట్టు ఉండేది. ఎందుకో చూపించాల్సిన కెమెరా అక్కడ లేదు.

కింది నుంచి చూపిస్తే దగ్గరి ఆటగాడు అవతలివాడికి అడ్డొస్తాడు, కోర్టు కోణాలు అర్థం కావు, అందుకే ఎత్తు తప్పదని ప్రసారకర్తలు అంటారు. ఇందులో నిజం ఉంది. ఆటగాళ్లు కోర్టును ఎలా పంచుకున్నారో, ఖాళీ ఎక్కడ తెరుచుకుందో చూడాలంటే ఎత్తే మేలు. కానీ ఎత్తు అన్నది ఉందా లేదా అని తేల్చే విషయం కాదు, ఎంత అన్నదే ప్రశ్న. కొన్ని అడుగులు కిందికి దించితే రెండు వైపులా కనిపిస్తూనే బంతి గమనానికి ప్రాణం వస్తుంది. కోర్టు మట్టానికి దగ్గరగా ఉండే కెమెరాలు ఇప్పటికే ఉన్నాయి. రీప్లేల్లో వాటి నుంచి అదే షాట్ చూసినప్పుడు, ఇంతసేపూ మనం చూసింది ఈ ఆటేనా అనిపిస్తుంది. ఉన్న కెమెరాను రీప్లేకే పరిమితం చేయడం సాంకేతిక ఇబ్బంది కాదు, అలవాటు.

ప్రకటనల సంగతికి వస్తే, ఆటగాళ్లు వైపులు మారేటప్పుడు కూర్చోవడానికి వింబుల్డన్‌లో కుర్చీలు వేసింది 1975లో. నేటి నిబంధనల ప్రకారం ఆ విరామం 90 సెకన్లు, సెట్ అయ్యాక 120 సెకన్లు. ప్రకటనలు దూరడానికి ఇంతకన్నా కుదురైన సందు ఏ ఆటలోనూ ఉండదేమో. ఆ డబ్బే లేకపోతే ప్రైజ్ మనీ ఎక్కడిదని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ప్రకటనలు వద్దని ఎవరూ అనడం లేదు, 90 సెకన్లను 100 చేయొద్దంటున్నాం, అంతే. 2018 నుంచి యూఎస్ ఓపెన్‌లో సర్వ్ చేయడానికి ఆటగాడికి 25 సెకన్ల గడియారం పెట్టారు. దాటితే అంపైర్ హెచ్చరిస్తాడు. చెమట తుడుచుకునేవాడికి ఉన్న గడియారం ప్రసారకర్తకు ఎందుకు లేదు?

మాటల విషయంలో బీబీసీ దగ్గరే మంచి పాఠం ఉంది. 1951 నుంచి 1991 దాకా టీవీలో వింబుల్డన్ వ్యాఖ్యానం చెప్పిన డాన్ మాస్కెల్‌కు పేరు తెచ్చింది ఆయన పాటించిన మౌనం. కొత్త ప్రేక్షకులకు వివరించి చెప్పాలంటే మాటలు కావాలన్నది సబబే. అయితే పాయింటుకూ పాయింటుకూ మధ్య కావలసినంత వ్యవధి ఉంది. బంతి ఆటలో ఉన్నంతసేపూ వినాల్సింది రాకెట్ చప్పుడునే.

ఈ లెక్కలో బాగా నష్టపోయింది డబుల్స్. మ్యాచ్ ఎంతసేపు సాగుతుందో ముందే తెలియాలని 2006లో పురుషుల టూర్ డబుల్స్ గేముల్లో అడ్వాంటేజ్ తీసేసింది, మూడో సెట్ బదులు పది పాయింట్ల టై బ్రేక్ పెట్టింది. మహిళల టూర్ కూడా అదే దారి పట్టింది. ఇంత కుదించుకున్నా డబుల్స్‌కు ప్రధాన ప్రసారంలో చోటు అరుదే. తెలుగు ప్రేక్షకులకు ఇది ఊరికే చెప్పే మాట కాదు. హైదరాబాద్‌లో పెరిగిన సానియా మీర్జా 2015 ఏప్రిల్‌లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది, ఆ ఏడాదే మార్టినా హింగిస్‌తో కలిసి వింబుల్డన్ గెలిచింది, మొత్తం ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు సాధించింది. ఆ విజయాలకు చేరిన దారిలో ఆమె ఆడిన మ్యాచ్‌లలో ఎన్నింటిని మన అభిమానులు పూర్తిగా చూడగలిగారు? చాలాసార్లు మనకు అందింది మరునాటి పేపర్లో స్కోరే.

2018 నుంచి వింబుల్డన్ ప్రపంచానికి వెళ్లే దృశ్యాలను బీబీసీకి వదలకుండా తానే తయారు చేసుకుంటోంది. 2025లో లైన్ జడ్జీలను పూర్తిగా తప్పించి గీతల తీర్పు కెమెరాలకే అప్పగించింది. బంతి ఎక్కడ పడిందో తేల్చడానికి కోర్టు చుట్టూ అన్ని కెమెరాలు పెట్టగలిగినవాళ్లకు, అది ఎంత ఎత్తున వచ్చిందో మనకు చూపించడం కష్టమేమీ కాదు. ఇప్పుడు అడ్డు చెప్పే బయటి సంస్థ కూడా లేదు. వచ్చే జూన్‌లో సెంటర్ కోర్టు మీద కనీసం ఒక్క మ్యాచ్‌ను, మొదటి సర్వ్ నుంచి చివరి పాయింటు దాకా, కెమెరాను కొంచెం కిందికి దించి చూపించండి.