పోడు చేనులో కూరలు

మన్యంలో ఏ అంగన్‌వాడీ గోడ చూసినా ఆకుకూరలు, కాయగూరలు ఎక్కువ తినమని రాసి ఉంటుంది. మంచి మాటే. ఆడపిల్లలకు, బాలింతలకు రక్తం తక్కువని మాత్రలిస్తున్న రోజులివి. అయితే ఆ రాత చూసినవాళ్ళు ఆదివాసులకు కూర తినడం తెలియదనుకుంటారు. మా కంచంలోంచి కూర ఎలా తగ్గిపోయిందో ఎవరూ చెప్పరు.

రంప, గూడెం కొండల్లో పోడంటే ఒక్క పంట కాదు. చెట్లు కొట్టి, ఎండాక తగలబెట్టి, తొలి వానలకు ఆ బూడిద నేలలో కర్రతో గుంతలు చేసి గింజలు వేసేవారు. సామ, చోడి, జొన్నతో పాటు కంది, అలసంద, అనుము, చిక్కుడు, గుమ్మడి, దోస అన్నీ ఆ చేనులోనే. అన్నీ ఒకేసారి చేతికి రావు. ముందు గుమ్మడాకు, పువ్వు. తర్వాత దోసకాయ. సామ కోశాక చిక్కుడు, చలి ముదిరాక కంది. కలుపుకు వెళ్ళిన ఆడవాళ్ళు సాయంత్రం కూరతోనే తిరిగొచ్చేవారు. కూర కోసం వేరే తోట లేదు, సంతకు పోయే పనీ లేదు.

మన కొత్తల పండుగలు గుర్తు చేసుకోండి. చిక్కుడు కొత్త, కంది కొత్త, మామిడి కొత్త. కొత్త చేయందే ఆ కాయ నోట పెట్టకూడదు. ఇది భక్తి ఒక్కటే కాదు, కాయ ముదిరి విత్తనం నిలిచే దాకా ఎవరూ చెయ్యి వేయకుండా పెద్దలు పెట్టిన కట్టుబాటు కూడా అని నేననుకుంటాను. కొత్త విత్తనం వద్దన్నవాళ్ళూ కాదు మన పెద్దలు. గుమ్మడి, మిరప అమెరికా ఖండం నుంచి వచ్చినవే.

చేను ఖాళీగా ఉన్న నెలల్లో అడవి పెట్టేది. ఎండల్లో చింతచిగురు, వానల్లో వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు, ఆగాకర. అడవి దుంపల్లో చేదువి ఉంటాయి. వాటిని తరిగి, ఉడికించి, పారే ఏటి నీళ్ళలో నానబెట్టి చేదు పోగొట్టాలి. ఈ విద్య ఆడవాళ్ళది. గోదావరి ఒడ్డు కొండరెడ్ల మీద హైమెండార్ఫ్ రాసిన పుస్తకం 1945లో అచ్చయింది. ఆకలి నెలల్లో వాళ్ళు జీలుగు చెట్టును, మామిడి టెంకలోని జీడిని నమ్ముకుని ఎలా బతికారో అందులో ఉంది. కాబట్టి పాతకాలమంతా కడుపు నిండిన కాలమని నేను చెప్పను.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. కొండలు రిజర్వు అడవులయ్యాయి, పోడు నేరమైంది. అంతకు మూడేళ్ళ ముందే, 1879లో, కల్లు పన్ను మీద రంప తిరగబడింది. 1922–24 పోరాటానికి పోడు మీద ఆంక్షలు ఒక ముఖ్య కారణం. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడులు మా పిల్లలు గడగడా చెబుతారు. పోడు ఆగితే ఏ ఇంట్లో కూరకుండ ఖాళీ అయిందో మాత్రం నేను చెప్పే పాఠాల్లో లేదు.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. దాన్ని తప్పుపట్టను. టెంక జీడి అంబలి తాగిన తరానికి తెల్లన్నం చిన్న విషయం కాదు. కానీ బియ్యం వచ్చాక సామ చేను తగ్గింది. సామ తగ్గితే దాని మధ్య పాకే అలసంద, దోస కూడా పోయాయి. తర్వాత కొండవాలుల్లో జీడిమామిడి వేశారు. చేతికి డబ్బు వచ్చిన మాట నిజం. కానీ ముదిరిన జీడితోట నీడలో గుమ్మడి పాకదు. ఇప్పుడు సంతలో ఉల్లి, టమాటా, బంగాళాదుంప కొంటున్నాం. ధర పెరిగిన వారం చారుతో సరిపెట్టుకుంటున్నాం.

2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయంలో వేర్లను, దుంపలను కూడా చేర్చింది. పట్టా భూమి గురించి గ్రామసభల్లో గట్టిగా మాట్లాడుతున్నాం. దుంపల మీద, ఆకుల మీద ఉన్న హక్కు గురించి అంత గట్టిగా అడగడం లేదు.

విత్తనం పూర్తిగా పోలేదు. కొన్ని ఇళ్ళలో అటక మీద, ఎండిన ఆనపబుర్రల్లో, బూడిద కలిపిన అనుములు, అలసందలు, గుమ్మడి గింజలు ఇంకా ఉన్నాయి. ఈ తొలకరికి ఇంటి పెరట్లో, జీడితోట అంచున ఎండ పడే చోట వేసుకోవచ్చు. ఏ గింజ ఏ వానకు వేయాలో అవ్వలు చెబుతుంటే పిల్లల చేత నోటుబుక్కులో రాయించండి.