ఉరికంబమా, యావజ్జీవమా: రెండు తెలుగు వ్యాజ్యములు

రాయల్పాడు సీమ తెలుగువారమైన మనకు వ్యాజ్యము వచ్చినచో కోలారునకు, అటుపై బెంగుళూరునకు పోవుట వాడుక. ఎల్లకావలి ఆంధ్రదేశపు వ్యాజ్యములు మనవి కావని తోచును. కాని ఉరిశిక్షయా, యావజ్జీవ కారాగారమా అను చర్చలో న్యాయవాదులు నేటికిని స్మరించు తీర్పులలో ఒకటి తెలుగునాటిదే. దానితోపాటు మరియొక తెలుగు వ్యాజ్యమును గూడ చదువవలెనని మా అభిప్రాయము.

తెల్లదొరల కాలపు 1898 నాటి స్మృతిలో హత్యకు ఉరియే సహజశిక్ష. ఉరి వేయనిచో ఏల వేయలేదో న్యాయాధిపతి వ్రాయవలసి యుండెను. రెండవ శిక్ష ద్వీపాంతరవాసము. 1955లో చేసిన సవరణలతో ఆ నియమము తొలగెను. ద్వీపాంతరము పేరు పోయి యావజ్జీవ కారాగారవాసము వచ్చెను. 1973 నాటి స్మృతి తక్కెడను తలక్రిందులు చేసెను: ఇకమీదట ఉరి వేయుటకే ప్రత్యేక కారణములు చూపవలెను. 2024లో క్రొత్త సంహిత వచ్చినను ఈ నియమము చెక్కుచెదరలేదు.

ఆ స్మృతి 1974 ఏప్రిల్ 1న అమలునకు వచ్చినది. అంతకు ముందే, ఫిబ్రవరిలో, ఈడిగ అన్నమ్మ వ్యాజ్యము సర్వోన్నత న్యాయస్థానమున తీర్పునకు వచ్చెను. ఒక స్త్రీని, ఆమె బిడ్డను చంపిన నేరమది. దాని ఘోరత్వమును ఎవరును కాదనలేదు. న్యాయమూర్తి వి.ఆర్. కృష్ణయ్యరు నేరమును నిలిపియే, ముద్దాయి ఇరువది నాలుగేండ్లదనియు, అత్తింటినుండి వెడలగొట్టబడినదనియు, ఒక బిడ్డకు తల్లియనియు, రెండేండ్లకు పైగా ఉరిత్రాటి భయమున బ్రతికినదనియు ఎంచి, శిక్షను యావజ్జీవముగా మార్చిరి.

మరుసటి యేడు ఆ న్యాయమూర్తి యెదుటికే భూమయ్య, కిష్టాగౌడుల మొర వచ్చెను. ఆదిలాబాదు జిల్లా రైతాంగ పోరాటములోనివారు వీరు. హత్యానేరమున ఉరిశిక్ష పడినది, రాష్ట్రపతి క్షమాభిక్షను నిరాకరించెను. తమది రాజకీయాశయముతో ముడిపడిన నేరమని వీరి పక్షమున వాదించిరి. ఉరిశిక్షకు విముఖులని పేరొందిన కృష్ణయ్యరే, క్షమాధికారము రాష్ట్రపతిదనియు, అందు తాము కల్పించుకొనజాలమనియు మొరను త్రోసిపుచ్చిరి. ఒకమారు కాదన్నంత మాత్రమున ఆ తలుపు మూసికొనదని గూడ వ్రాసిరి. తలుపు తెరచుకొనలేదు. అత్యయిక పరిస్థితి నడుచుచుండగా, 1975 డిసెంబరు 1న, హైదరాబాదు ముషీరాబాదు కారాగారమున ఇరువురిని ఉరితీసిరి. ఆ చోట ఇప్పుడు గాంధీ ఆస్పత్రి యున్నది!

అన్నమ్మ విషయమున ధర్మాసనము మనిషిని చూచినది. వీరి విషయమున అధికారపు హద్దును చూచినది. హద్దు నిజమే కావచ్చును. ఉరినీడ మాత్రము అందరికి నొకటే. యావజ్జీవమైయుండినచో ప్రభుత్వములు మారిన పిదపనైన విచారించుటకు ఆ మనుష్యులు మిగిలియుందురు.

హతుల కుటుంబములవారి ప్రశ్న వేరు: పదునాలుగేండ్లకు వెలికి వచ్చునదియు యావజ్జీవమేనా? న్యాయమైన ప్రశ్నయే. 1980లో సర్వోన్నత న్యాయస్థానము ఉరిని అరుదులలోకెల్ల అరుదైన నేరములకే పరిమితము చేసినను దీనికి జవాబు దొరకలేదు. జవాబు మన బెంగుళూరు హత్యావ్యాజ్యమొకదానినుండి వచ్చినది: 2008లో ఆ ముద్దాయికి ఉరి తప్పించి, తుదిశ్వాస వరకు విడుదల లేని కారాగారమును విధించిరి. అట్లు విధించు అధికారము న్యాయస్థానమునకు కలదని 2015లో రాజ్యాంగ ధర్మాసనము స్థిరపరచెను.